నీ ఇష్టం

ఆపరేషన్‌కి ముందు చక్రపాణి ప్రతిదానికీ తగువు పెట్టుకునే మనిషి. పప్పులో ఇంగువ ఎక్కువైనా తగువే, తక్కువైనా తగువే. చలికాలంలో భార్య జయంతి హీటర్ పెంచితే ఆయన తగ్గించేవాడు, ఆమె మళ్లీ పెంచేది. ఆమె కారు నడుపుతుంటే పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కేవాడు. అమెరికా వచ్చి ప్లెయిన్స్‌బరోలో కాపురం పెట్టినప్పటి నుంచీ వాళ్లింట్లో మాటల సందడికి లోటు లేదు. కూతురు ఆద్య చిన్నప్పుడు, తెలుగంటే అమ్మానాన్నలు పోట్లాడుకునే భాష అని స్కూల్లో టీచరుకి చెప్పిందట.

అలాంటి మనిషికి కిడ్నీలు చెడిపోయాయి. చాలాకాలం డయాలిసిస్ మీద బతికాడు. ఆ రోజుల్లో మంచినీళ్లు కూడా కొలుచుకుని తాగాలి. ఎండాకాలం నోరు పిడచకట్టుకుపోతే ఒక ఐసుముక్క బుగ్గన పెట్టుకుని, అది కరిగేదాకా కళ్లు మూసుకుని కూర్చునేవాడు. అది చూడలేక జయంతి తన కిడ్నీ సరిపోతుందేమోనని పరీక్షలు చేయించుకుంది. అదృష్టం కొద్దీ కుదిరింది. కిందటేడు ఆకులు రాలే రోజుల్లో ఆమె కిడ్నీ ఒకటి తీసి ఆయనకి పెట్టారు.

ఇద్దరూ కోలుకున్నారు. కాని ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చినవాడు వేరే మనిషేమో అనిపించేది జయంతికి. ఆమె కంటే ముందే లేచి కాఫీ పెట్టేవాడు. ఆమె కుక్కరు ఎత్తబోతే పరుగున వచ్చి అందుకునేవాడు. ఏం వండమంటారంటే "నీ ఇష్టం", ఎక్కడికి వెళదామంటే "నీ ఇష్టం". మొదట్లో ఆమెకి ముద్దుగానే ఉండేది.

దగ్గర్లోని ఎడిసన్‌లో ఉండే పాత స్నేహితుడు విశ్వనాథం ఒక ఆదివారం భోజనానికి పిలిచాడు. అక్కడ చక్రపాణి అందరి ముందూ లేచి నిలబడి, "నేనివాళ ఈ ముద్ద తింటున్నానంటే ఈవిడ పెట్టిన భిక్షే" అన్నాడు. ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. జయంతికి మాత్రం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన తనని "ఈవిడ" అనడం అదే మొదలు.

ఆ మర్నాడు ఆమె కావాలనే సొరకాయ కూర చేసింది. సొరకాయ అంటేనే కంచం ముందు నుంచి లేచిపోయే మనిషి, ఆ పూట మారు వడ్డించుకుని తిన్నాడు. "బావుంది జయా" అన్నాడు. ఆమెకే అన్నం సయించలేదు.

జులైలో ఒక ఉదయం చెకప్‌కి బయల్దేరారు. జయంతి డ్రైవ్ చేస్తోంది. కూతురి కొత్త ఉద్యోగం గురించి ఆయనతో మాట్లాడుతూ, ఆ మాటల్లో పడి, హైవే దిగాల్సిన ఎగ్జిట్ దాటిపోయింది. చాలా దూరం పోయాక గాని ఆమెకి తట్టలేదు. పక్కనున్న ఫర్నిచర్ షాపు పార్కింగ్‌లోకి తిప్పి కారు ఆపింది.

"మీరు చూశారా?"

"ఏంటి?"

"మన ఎగ్జిట్."

చక్రపాణి కిటికీలోంచి బయటికి చూశాడు. "చూశాను."

"మరి చెప్పలేదేం?"

"డ్రైవ్ చేస్తున్నది నువ్వు. మధ్యలో నేనేదైనా అంటే నీకు చిరాగ్గా ఉంటుందని."

జయంతి ఇంజన్ ఆపేసింది. "నేను కిడ్నీ ఇచ్చింది నా మొగుడికి. ఈ మర్యాదస్తుడెవరో నాకు తెలీదు. ఇంటికి చుట్టం వచ్చి ఎప్పటికీ వెళ్లకుండా కూర్చున్నట్టుంది. చుట్టంతో నేనేం మాట్లాడను?"

ఆయన మెల్లగా అన్నాడు. "ఏదో అనాలని నోటిదాకా వస్తుంది జయా. అప్పుడే నువ్వు ఆస్పత్రి మంచం మీద, కుట్లు లాగుతాయని దగ్గు కూడా ఆపుకోవడం గుర్తొస్తుంది. ఇంక నోరెలా ఎత్తను? ఏం చేస్తే ఈ రుణం తీరుతుందో తెలీడం లేదు."

"తీర్చమని ఎవరడిగారు?" అంది జయంతి. ఆమె గొంతులో కోపం సగం దిగిపోయింది. "పుణ్యం కోసం ఇచ్చాననుకుంటున్నారా? మీరు లేకపోతే నాకు తోచదు కాబట్టి ఇచ్చాను. పొద్దున్నే మీరు వంటింట్లో నిలబడి మంచినీళ్లు తాగుతారు చూడండి, నేను మంచం మీద పడుకుని ఆ చప్పుడు వింటాను. రోజూ వింటాను. గొంతు దిగుతున్న గుటకలన్నీ వినిపిస్తాయి. నాకు కడుపు నిండిపోతుంది."

"నువ్వు నిద్రపోతున్నావనుకున్నాను. అలికిడి కాకుండా తాగుతున్నానే."

"మీరు ఏ పనైనా అలికిడి కాకుండా చేశారా ఎప్పుడైనా?"

చక్రపాణికి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. అద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఒక మాట చెప్తే ఏమీ అనుకోవుగా. ఆ నీళ్లు తాగేటప్పుడు నాకు నువ్వు గుర్తు రావు. ఎవ్వరూ గుర్తు రారు. చల్లగా లోపలికి దిగుతుంటే ఉత్త నీళ్లే. అయిపోయాక తప్పు చేసినట్టు అనిపిస్తుంది" అన్నాడు.

"నాక్కావాల్సింది అదే కదండీ, మీరలా ఉత్త నీళ్లు తాగడమే" అంది జయంతి.

చెకప్‌కి ఆలస్యంగానే వెళ్లారు. రక్తపరీక్షలు బాగున్నాయన్నారు. తిరుగుదారిలో పొలాల పక్కనున్న చిన్న రోడ్డు పట్టుకుంటే, ఒక కొట్టు దగ్గర బుట్టల్లో పీచ్‌పళ్లు కనిపించాయి. జయంతి ఒక బుట్ట కొని, నాలుగు పళ్లు సీసాలో నీళ్లతో కడిగింది. చక్రపాణి ఒకటి కొరికి మొహం చిట్లించాడు.

"పుల్లగా ఉంది. ఆ పక్క బుట్టలోవి చూడాల్సింది."

"పక్కనే నిలబడ్డారుగా, అప్పుడు చెప్పొచ్చుగా?"

"నువ్వు నన్ను అడిగితే కదా. బుట్ట చూశావు, డబ్బులు తీశావు."

"అడిగితే మాత్రం ఏమనేవారు? నీ ఇష్టం అనేవారు."

గొంతులు లేచేసరికి కొట్టులో ఉన్న పెద్దావిడ తల బయటపెట్టి, అంతా ఓకేనా అని అడిగింది. అంతా ఓకే అని ఇద్దరూ ఒక్కసారే చెప్పారు.

చక్రపాణి బుట్ట పట్టుకెళ్లి, ఆవిడని అడిగి మార్పించుకుని వచ్చాడు. ఈసారి కారుకి ఆనుకుని తిన్నాడు. రసం మణికట్టు మీదుగా మోచేతి దాకా కారింది. దాన్ని తుడుచుకోలేదు. ఎదురుగా మొక్కజొన్న చేను గాలికి ఊగుతుంటే దాన్నే చూస్తూ ఒక పండు, ఆ తర్వాత ఇంకో పండు తిన్నాడు. పక్కన మనిషి ఉందన్న ధ్యాసే లేదు ఆయనకి. జయంతి చేతిలో టిష్యూ పట్టుకుని నిలబడింది గాని, అందివ్వలేదు. తినడం పూర్తి కానిమ్మని ఊరుకుంది.