కుడి కణత మీద గోళీ

స్కానింగు గదిలో టెక్నీషియనుకి ఏ పేషెంటునీ చూసి ఇంత సంతోషం కలగలేదు. బల్ల మీద వెల్లకిలా పడుకున్నవాడు సాక్షాత్తూ ఆమె బావ. ఆ మహానుభావుడు ఒకరోజు తాగొచ్చి, మెట్ల మీద తూలి, కన్నతల్లిని కిందికి తోసేశాడు. ఆవిడ స్పృహలోకి రాగానే, "నా పెళ్ళామే తోసింది, కళ్ళారా చూశాను" అని ఏడ్చాడు. కర్ర పట్టుకు నడవాల్సొచ్చిన ఆ తల్లి కోడల్ని మెడపట్టి గెంటింది. ఆ కోడలు టెక్నీషియనుకి స్వయానా అక్క.

ఇప్పుడు బావగారి మెదడులో ఎడమ పక్క గడ్డ ఉందని ముందే తేలింది. మాటల పని చూసుకునే చోటు కూడా అదే పక్కనుంటే సర్జను ఆచితూచి కోస్తాడు. కుడి పక్కనుంటే ధైర్యంగా లోతుకి వెళ్తాడు. అది తేల్చడానికే ఈ స్కాను. బొమ్మలో కుడిఎడమలు తారుమారు కాకుండా పేషెంటు కుడి కణతకి చేపనూనె గోళీ ఒకటి అతికించడం అక్కడి పద్ధతి. బొమ్మలో అది తెల్లటి మచ్చలా పడుతుంది. సర్జను దేన్ని నమ్మినా నమ్మకపోయినా ఆ గోళీ మచ్చని నమ్ముతాడు.

ఆమె దాన్ని ఎడమ కణతకి అతికించింది.

తల కదలకుండా పైన పంజరం బిగించి, అతన్ని గొట్టంలోకి పంపింది. "బొమ్మలు కనిపిస్తాయి. వాటి పేర్లు మనసులోనే అనుకోండి, పెదవి కదపకండి" అని మైకులో చెప్పింది. కత్తెర, కుర్చీ, గొడుగు. కాసేపటికి తెర మీద మెదడు ఒక పక్క ఎర్రగా వెలిగింది. గోళీ లెక్కన అది కుడి. ఇంకేముంది, ఆ పాడునోరు మూతపడ్డట్టే. ఆమె కడుపు చల్లబడింది.

గాజు గోడకి ఇవతల ఆమె పక్కనే కూర్చుంటానని పట్టుబట్టిన బావ తల్లి అప్పుడు గొణిగింది. "వాడి మాట పోకూడదమ్మా. మా ఇంట్లో నిజం చెప్పేది వాడొక్కడే."

టెక్నీషియనుకి ఒళ్ళు మండిపోయింది. నోరు పోతే వీణ్ణి చూసి జనం జన్మంతా అయ్యో పాపం అంటారు. వాడాడిన అబద్ధం మాత్రం చెక్కుచెదరదు. దాన్ని వెనక్కి తీసుకోగల నోరు లోకంలో అదొక్కటే.

లోపలి మాట ఇవతలికి వినపడేలా మైకు తెరిచే ఉంచి లోపలికి వెళ్ళింది. బల్లని బయటికి లాగింది గానీ పంజరం విప్పలేదు.

"బావా, నీ గోళీ తప్పు పక్క పెట్టాను. కావాలనే పెట్టాను. ఇలాగే వదిలేస్తే కత్తి తిన్నగా నీ మాటల మీదే పడుతుంది. అత్తయ్యగారిని తోసిందెవరు?"

"నీకేమైనా పిచ్చా? తియ్యి ముందు!"

"అరుచుకో. ఆపరేషనయ్యాక అరుద్దామన్నా నోరు రాదు."

తల్లి బయట వరండాలో ఉందనుకుంటున్నాడతను. కళ్ళమ్మట నీళ్ళు చెవుల్లోకి కారాయి. "నేనే. తాగున్నాను. తూలి అమ్మని తోసేశాను. నీకు దణ్ణం పెడతాను, దాన్ని మార్చు."

ఆమె గోళీ పీకి కుడి కణతకి అతికించింది. మళ్ళీ మొదట్నుంచీ స్కాను చెయ్యాలి. ఇవతలికొచ్చేసరికి ముసలావిడ లేచి నిలబడి ఉంది.

"వాడి నోరు పోకుండా చూడమ్మా" అంది, కొడుకు వైపు చూడకుండా. "నేను వెళ్ళి నా కోడలి కాళ్ళు పట్టుకునైనా తీసుకొస్తాను. దాని ముందు మళ్ళీ చెప్పాలి వీడు. అందాకా ఆ పంజరం విప్పకు."