సంచి టీచరమ్మ

సంచిలోంచి ఒక్కో వస్తువూ తీసి, దుమ్ము తుడిచి, మళ్ళీ లోపల వేస్తోంది టీచరమ్మ. తాళంకప్ప, దువ్వెన, ఫోర్క్, పిడి ఊడిన గంట. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ బడిలో రెండో తరగతి ఇంగ్లీషు గ్రామరంటే ఈ సంచే. చెయ్యి పెట్టి ఒకటి తీయాలి, పేరు చెప్పాలి. అది నౌన్. తర్వాత దాన్ని వీపు వెనక దాచి, పేరెత్తకుండా ‘ఇట్’ అనాలి. అది ప్రోనౌన్. పై తరగతులిస్తామంటే, “నాకు పళ్ళూడే పిల్లలే ముద్దండీ” అనేసింది.

ఇవాళ్టితో ఉద్యోగం సరి. ఆవిడ బెంగ అది కాదు. మూడో బెంచీలో ఓ పిల్ల ఉంది. ఆటల్లో వసపిట్ట, ఇంగ్లీషనగానే, తప్పొస్తే నవ్వుతారని పెదాలు బిగించేస్తుంది. ఏడాదంతా ఒక్క వాక్యం చెప్పలేదు. ఇవాళ హెడ్మాస్టారి ముందు చెప్పకపోతే మళ్ళీ రెండో తరగతే.

మధ్యాహ్నం హెడ్మాస్టారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. పిల్ల సంచిలో చెయ్యి పెట్టి ఫోర్క్ తీసింది. అంతే, నేలచూపులు.

“చెప్పు తల్లీ, తప్పయినా పర్లేదు.”

ఉహూఁ.

“పోనీలెండి టీచరమ్మా, ఇంకో ఏడాది కూర్చుంటుంది” అన్నారు హెడ్మాస్టారు.

టీచరమ్మ ఫోర్క్ అందుకుంది. ఏనాడూ చెదరని జుట్టుముడి చటుక్కున విప్పేసి, ఫోర్క్‌తో దువ్వుకుంటూ, “దిస్ ఈజ్ ఎ కోంబ్!” అంది.

తరగతి గొల్లున నవ్వింది. హెడ్మాస్టారు నోరెళ్ళబెట్టారు. ఆవిడ మాత్రం దర్జాగా పాపిడి తీస్తోంది.

“అయ్యో, కాదు టీచర్!” మూడో బెంచీ పిల్ల ఉండబట్టలేకపోయింది. “ఇట్ ఈజ్ ఎ ఫోర్క్! ఇట్ ఈజ్ నాట్ ఎ కోంబ్!”

“అవునా? నాకు తెలీదే! ఇంకోసారి చెప్పమ్మా.”

చెప్పింది, ఇంకా గట్టిగా.

“ఒకటడిగితే రెండు చెప్పావే!” అంటూ హెడ్మాస్టారు పాస్ రాసేశారు. ఓ పిల్ల భయం పోగొట్టడానికి, ఆఖరి రోజున, పై అధికారి ఎదుట నవ్వులపాలవడానికి సిద్ధపడింది టీచరమ్మ. ఎంత మనిషండీ!

సాయంత్రం బీరువా తాళంచెవి అప్పగించి, గొడుగు పట్టుకుని గేటు దాటింది. వెనక్కి చూస్తే ఏడుపొస్తుందని చూడలేదు. సంచి బల్లమీదే వదిలేసింది.

సెలవులయ్యాక కొత్త టీచరు వచ్చి ఆ సంచిలో చెయ్యి పెడితే ముందు ఫోర్కే తగిలింది. దాని పళ్ళ మధ్య పొడుగాటి తెల్ల వెంట్రుక ఒకటి ఇంకా చిక్కుకునే ఉంది.