షిఫాన్ మంట

బాలశౌరి తెనాలిలో నాటకాలకు లైటింగ్ చేసేవాడు. భార్య ఎస్తేరమ్మకు ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో నర్సు ఉద్యోగం రావడంతో అందరూ ఆ పక్కనున్న మెయ్‌నూత్ ఊరు చేరారు. ఏడేళ్ళ కూతురు అబిగేయిల్‌ను బడికి దింపి తీసుకురావడం తప్ప ఆయనకు పని లేకుండా పోయింది.

2006 అక్టోబరు చివరి వారంలో అబిగేయిల్ మూతి ముడుచుకుని ఇంటికొచ్చింది.

"డాడీ, ఎవ్రీబడీస్ హౌస్ ఈజ్ స్కేరీ. అవర్స్ ఈజ్ జస్ట్ క్లీన్!"

బయటికెళ్ళి చూశాడు బాలశౌరి. దెయ్యాల పండగ హాలోవీన్ వస్తోందని వీధి వీధంతా గుమ్మడికాయలు, దెయ్యాలు, ప్లాస్టిక్ ఎముకలు. వీళ్ళ గుమ్మం ముందు మాత్రం డోర్‌మ్యాట్.

"సరేనమ్మా, మనింటికి నిప్పు పెడదాం," అన్నాడు, చాన్నాళ్ళకు హుషారుగా.

తెనాలి నుంచి మోసుకొచ్చిన టేబుల్ ఫ్యాన్ అటక మీదుంది. దాన్ని దించి, ముందుగది కిటికీ దగ్గర వెల్లకిలా పడుకోబెట్టాడు. ఎర్ర కాగితం చుట్టిన దీపాలు చుట్టూ పెట్టాడు. ఇక కావలసింది మంట. పల్చటి గుడ్డను నాలుకల్లా కత్తిరించి ఫ్యాన్ మీద కడితే, గాలికి లేచి అచ్చం నిప్పులా ఆడుతుంది. ఇల్లంతా వెతికితే అంత పల్చటి గుడ్డ ఒక్కటే దొరికింది. ఎస్తేరమ్మ నారింజరంగు షిఫాన్ చీర. డ్యూటీలో ఉన్న మనిషికి చీర గురించి ఫోను చేయడం బాగుండదనుకుని కత్తెర తీశాడు.

పండగనాడు చీకటి పడగానే, మంత్రగత్తె వేషంలో ఉన్న అబిగేయిల్‌ను వీధిలో నిలబెట్టి స్విచ్ వేశాడు. చీర భగ్గున లేచింది. ఇంకా నిజంగా ఉండాలని పక్కనే కెటిల్ మూత తీసి, పొగలా ఆవిరొచ్చేలా నీళ్ళు మరిగించాడు. ఆ ఆవిరికి హాల్లో స్మోక్ అలారం కుయ్యిమంది.

"ఫైర్!" అని గెంతింది అబిగేయిల్. "ఇట్స్ వర్కింగ్!"

పక్కింటి బ్రెన్నన్, రిటైరైన పోస్ట్‌మ్యాన్. ఆయనకు మొదటి మాటే వినబడింది. మొక్కలకు నీళ్ళు పోసే గొట్టం లాక్కుంటూ పరుగెత్తుకొచ్చి, తలుపుకున్న ఉత్తరాల కంతలోంచి లోపలికి దూర్చాడు. నలభై ఏళ్ళు ఉత్తరాలు వేసిన చెయ్యి, గురి తప్పలేదు. హాల్లో స్టూలెక్కి అలారానికి పేపరుతో విసురుతున్న బాలశౌరి నడుం దాకా తడిశాడు.

బ్రెన్నన్ కిటికీలోంచి చూశాడు. మంట కొంచెం కూడా తగ్గలేదు. మళ్ళీ కొట్టాడు. సరిగ్గా అప్పుడే తలుపు తెరిచిన బాలశౌరికి ఈసారి మొహం మీద పడింది. ఆ కంగారులో ఆయనకు ఇంగ్లీషు ఎగిరిపోయింది.

"నో ఫైర్! చీర! మై వైఫ్ చీర!"

చెయిర్ అని విన్నాడు బ్రెన్నన్. పాపం, ఈయన భార్య కుర్చీలో కూర్చుని కాలిపోతోంది! కోటు నెత్తిన కప్పుకుని ముందుగదిలోకి దూకి, రెండు చేతులా మంటను వాటేసుకున్నాడు. మంట చల్లగా, మెత్తగా చేతుల్లోకి ఊడి వచ్చింది.

"ఏందయ్యా ఇది?"

గుమ్మంలో ఎస్తేరమ్మ. యూనిఫాం మీదే ఉంది. కాళ్ళ కింద చెరువు, ఎదురుగా తడిసి ముద్దయిన మొగుడు, గదిలో పరాయి ముసలాయన, ఆయన చేతుల్లో...

"అది మా అక్క పెట్టిన చీర కదూ!"

"నువ్వు కట్టుకోవడం లేదు గదా అని..."

"కట్టుకోకపోతే తగలబెడతారా?"

"తగలబెట్టలేదే. తగలబడినట్టు చేశా."

బ్రెన్నన్ పీలికల్ని జాగ్రత్తగా మడతపెట్టి ఆమెకు అందించి, "యూ'ర్ అలైవ్, మిసెస్. థాంక్ గాడ్," అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి ఎస్తేరమ్మ ఇక తిట్టలేకపోయింది. నవ్వాపుకుంటూ టీ పెట్టడానికి లోపలికెళ్ళింది.

అప్పటికి గుమ్మం ముందు పిల్లలు గుంపుగా చేరారు. "వన్స్ మోర్, మిస్టర్!" అని గోల. బాలశౌరి చీరను మళ్ళీ కట్టి స్విచ్ వేశాడు. బ్రెన్నన్ కుర్చీ లాక్కుని, తడిసిన చేతులు రెండూ మంట ముందు చాపాడు.

"ఇట్స్ నాట్ రియల్, మిస్టర్ బ్రెన్నన్," అంది అబిగేయిల్. "ఇట్స్ ఓన్లీ ఎ ఫ్యాన్."

"ఐ నో, పెట్," అన్నాడాయన ముద్దుగా. అరచేతులు తిరగేసి, వెనకవైపు కూడా కాచుకున్నాడు.