తివాచీ మీంచి కనబడేది

బుధవారం పొద్దున్న గడ్డం గీసుకుందామని నిలబడితే నెవిల్‌కి అద్దంలో నుదురొక్కటే కనబడింది.

"గ్లెనిస్!" అని కేకేశాడు.

భార్య వంటింట్లోంచి సుత్తి పట్టుకుని వచ్చింది. పాత మేకు పీకి, రెండు వేళ్ళు కిందికి కొత్తది కొట్టి, అద్దం తగిలించి, టోస్టు మాడిపోతోందంటూ వెళ్ళిపోయింది. ఆ గోడకి పైనుంచి కిందికి మేకుల చిల్లులే, చీమల బారులా. ఈ వ్యవహారంలో గ్లెనిస్‌కున్న ఫిర్యాదు ఒక్కటే, గోడ పెచ్చులూడుతోందని.

నెవిల్ కోచ్. గోధుమ చేల మధ్య విసిరేసినట్టున్న ఆ ఊళ్ళలో కోచ్ అంటే ఫుట్‌బాల్‌కే. అందుకని కొత్తవాళ్ళెవరు కలిసినా ఒకటే వరస.

"ఏ జట్టుకి?"

"టీచర్లకి."

"గెలుస్తున్నారా?"

ఈ ప్రశ్నకి జవాబు అతనికి ఇప్పటిదాకా దొరకలేదు.

పని చెప్పుకోవడానికి తేలికే. అయిదు ప్రైమరీ బడులు, రోజుకొకటి. వెళ్ళి క్లాసు వెనకాల ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చోవాలి. పాఠం చూడాలి. గంట కొట్టాక, టీచరు మనసు నొచ్చుకోకుండా, ఏది మార్చుకుంటే బాగుంటుందో చెప్పాలి. చిక్కల్లా ఆ కుర్చీతోనే. ప్రైమరీ బళ్ళో ఖాళీగా ఉండేవి పిల్లల కుర్చీలు. నెవిల్ వయసులో ఉన్నప్పుడు ఊరి జట్టులో అందరికన్నా పొడుగు, మైదానం నడిబొడ్డున నిలబడి పైకి లేచిన బంతి కోసం ఎగిరేది అతనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ కుర్చీలో కూర్చుంటే మోకాళ్ళు చెవుల్ని తాకేవి. ఏళ్ళ తరబడి కూర్చోగా కూర్చోగా మోకాళ్ళు గడ్డం దగ్గరికి, గుండెల దగ్గరికి, ఆఖరికి మోకాళ్ళు ఉండాల్సిన చోటికే వచ్చాయి. కుర్చీ పెరగలేదు కాబట్టి నెవిలే తగ్గాడు.

డాక్టరు చూసి, "ఈ ఉద్యోగంలో మామూలే. ఉప్పు తగ్గించు," అన్నాడు. బళ్ళలో టీ కాచుకునే బల్ల దగ్గర అతని కోసం పీట వేశారు. కారు పెడళ్ళకి గ్లెనిస్ చెక్క దిమ్మలు బిగించింది. చొక్కాలు పిల్లల సెక్షన్లో సగం ధరకే వస్తున్నాయని లోలోపల సంతోషించింది కూడా. కాకపోతే వాటి మీద రాక్షసబల్లులుంటాయి.

పొట్టితనం నెవిల్‌ని బాధపెట్టలేదు. బాధపెట్టింది నోరు. చెప్పిందే చెప్పి అరిగిపోయిన నోరు. అడిగాక ఆగు, నీ ప్రశ్నకి నువ్వే జవాబు చెప్పెయ్యకు. ఊరికే శభాష్ అనకు, ఏది బాగుందో చెప్పు. అల్లరి చేసేవాడి మీద అరవకు, వెళ్ళి వాడి పక్కన నిలబడు. నిద్రలో లేపి అడిగినా ఇవే వస్తాయి. ఓ రోజు భోజనాల దగ్గర గ్లెనిస్ బంగాళాదుంపలెలా ఉన్నాయని అడిగితే, "బాగున్నాయనను. అంచులు కరకరలాడేదాకా ఓపిక పట్టావు చూడు, అది బాగుంది," అన్నాడు.

"నేను నీ క్లాసులో లేను, నెవ్," అందామె గిన్నె లాక్కుంటూ.

ఇన్ని మాటల్లోనూ అతనికి మనస్ఫూర్తిగా నమ్మకం ఉన్నది ఒక్కదాని మీదే. లామినేషన్. ప్లాస్టిక్ తొడగని కాగితం పిల్లల చేతుల్లో వారం తిరక్కుండా పేలికలవుతుందని అతని సిద్ధాంతం. ఆదివారం వచ్చిందంటే వంటింటి బల్ల మీద యంత్రం పెట్టుకుని బొమ్మల కార్డులు, అంకెల కార్డులు, రోజువారీ పట్టికలు తళతళలాడేలా తీసి కారు డిక్కీ నింపేవాడు. ఇల్లంతా కాలిన ప్లాస్టిక్ వాసన. తీసుకున్న టీచర్లు థాంక్యూ చెప్పి అలమారాలో పడేసేవారు. నిజంగా గోడకి పెట్టింది ఒక్కతే, బ్రైడీ.

బుధవారాల బళ్ళో బ్రైడీ రెండో తరగతి టీచరు. ఉద్యోగానికి కొత్త. చెప్పినమాట వినే మనిషి. నెవిల్ ఆగమంటే ఆగింది. పక్కన నిలబడమంటే నిలబడింది. లామినేషన్ అన్నాడని సొంత డబ్బుతో యంత్రం కొనుక్కుని, పిల్లల పుట్టినరోజు పట్టికతో సహా అన్నిటికీ తొడిగి, అందరికీ కనబడాలన్నాడని గోడకి ఎత్తుగా అంటించింది. అయినా ఆ క్లాసు ఆమె వంక చూడదు. తివాచీ మీద కూర్చోబెడితే పొర్లుతారు. కళ్ళు మూసుకుంటారు. పక్కవాణ్ణి మోచేత్తో పొడుస్తారు. ఆమె ఎంత బాగా చెబితే అంత పొర్లుతారు.

ఆ బుధవారం నెవిల్ బళ్ళో అడుగు పెట్టేసరికి ప్రిన్సిపాల్ షెరిల్ టీ కప్పుతో ఎదురొచ్చింది. భారీ మనిషి, మోకాళ్ళ నొప్పులు. నెవిల్‌తో మాట్లాడాలంటే గోడ పట్టుకుని వంగుతుంది.

"బ్రైడీ కాంట్రాక్టు సంగతి శుక్రవారానికల్లా తేల్చాలి నెవ్. వచ్చే ఏడాది ఉంచాలా, పంపాలా?"

"నువ్వేమనుకుంటున్నావు?"

"మంచి పిల్లే. కానీ మంచితనం చూసి పిల్లలు కూర్చోరు కదా. నువ్వు కాదంటే నాకూ తేలికవుతుంది."

నెవిల్‌కీ తేలికే. 'కాదు' అని ఒక్క ముక్క చెబితే ఇక ఆ క్లాసులో కూర్చోనక్కర్లేదు. చెయ్యగలిగిందంతా చేశానని తనకి తాను అప్పుడే చెప్పేసుకున్నాడు కూడా.

క్లాసు గుమ్మంలో బ్రైడీ ఎదురైంది. కళ్ళ కింద నలుపు.

"ఇవాళే ఆఖరుసారి చూడ్డం కదా?" అంది. "ఫరవాలేదు, మీరు రాయాల్సింది రాయండి నెవ్. నాన్న లారీలో పక్క సీటు ఖాళీగానే ఉంది. గోధుమలైతే చెప్పకుండానే నిశ్శబ్దంగా కూర్చుంటాయి."

"లారీ నడపడం వచ్చా?"

"ఇది మాత్రం వచ్చా ఏంటి?"

అతను లోపలికెళ్ళి, వెనకాల కుర్చీ ఎక్కాడు. ఎక్కాడు అన్నది మాటవరసకి కాదు, నిజంగానే ఎక్కాల్సొచ్చింది. కాళ్ళు నేలకి అందలేదు. గాల్లో వేలాడుతున్న తన బూట్లని కాసేపు చూసుకున్నాడు. ఈ ప్రపంచంలో ఇంకే కుర్చీ మిగిలిందిక? జారి కిందికి దిగి తివాచీ మీద, పిల్లల మధ్య చతికిలబడ్డాడు.

"జరుగు," అంది పక్కనున్న పిల్ల. పేరు టిల్లీ. ముందు పళ్ళు రెండూ లేవు. నెవిల్ జరిగాడు.

పాఠం మొదలైంది. గోధుమ గింజ రొట్టె అయ్యేదాకా వరసగా బొమ్మలు. బ్రైడీ కర్రతో చూపిస్తూ, "రెండో బొమ్మలో ఏం జరుగుతోంది?" అని అడిగి, నేర్పినట్టే ఆగింది.

నెవిల్ తలెత్తి చూశాడు. రెండో బొమ్మ లేదు. మొదటిదీ లేదు. గోడ మీద వరసగా తెల్లటి మంటలున్నాయి. వెనక గోడకి ఎత్తున ఉన్న కిటికీల్లోంచి చలికాలపు ఎండ, పైకప్పుకి ఉన్న ట్యూబులైట్లు, అన్నీ వచ్చి ఆ ప్లాస్టిక్ మీద పడి సూటిగా కింద కూర్చున్నవాళ్ళ కళ్ళలోకి దిగుతున్నాయి. కళ్ళు చికిలించాడు. ఎడమకి ఒరిగితే మొదటి బొమ్మలో నాగలి ముక్క కనబడింది, కుడికి ఒరిగితే అదీ పోయింది. ఇంకాస్త ఒరిగేసరికి మోచెయ్యి ఎవరికో తగిలింది, వాళ్ళు తిరిగి పొడిచారు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే మూసుకున్నాడు. మూసుకుంటే ప్రాణానికి హాయిగా ఉంది.

"ఎవరు కదులుతున్నది? కళ్ళు తెరువు. నెవ్! నువ్వే!" అని బ్రైడీ గొంతు వినబడింది.

వరసలో ఎవరిని తిడుతోందో ఆమె చూసుకున్నట్టు లేదు. నెవిల్ ఉలిక్కిపడి నిటారుగా కూర్చున్నాడు.

"దాని వంక చూడకు," అని టిల్లీ గుసగుసలాడింది. "కళ్ళు నొప్పెడతాయి. మేమెవ్వరం చూడం."

"మరి మిస్‌కి చెప్పలేదా?"

ఆ పిల్ల అతన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "మిస్‌కి కనబడుతుందిగా."

గంట కొట్టి పిల్లలు బయటికి పరుగెత్తాక నెవిల్ లేవలేదు. బ్రైడీ వచ్చి ఎదురుగా నిలబడింది.

"చెప్పండి. నా మనసు నొచ్చుకోదులెండి."

"ఇలా కూర్చో. కాదు, ఇంకా కిందికి. గడ్డం నా భుజానికి సమంగా రావాలి."

ఆమెకి బోర్లా పడుకుంటే తప్ప కుదరలేదు. మోచేతుల మీద ఆనుకుని తలెత్తింది. కళ్ళు చికిలించి ఎడమకి ఒరిగింది, కుడికి ఒరిగింది. ఆగడం నేర్పిన మనిషి కాబట్టి నెవిల్ ఆగాడు.

"కళ్ళు మూసుకుందని," అంది చివరికి, "నిన్న టిల్లీని వరండాలో కూర్చోబెట్టాను."

"కార్డులు నావి. ఎత్తుగా అంటించమన్నదీ నేనే. కుర్చీలో కూర్చున్నన్నాళ్ళూ నాకు బ్రహ్మాండంగా కనబడేవి."

బ్రైడీ నవ్వుతుందేమో అనుకున్నాడు. నవ్వలేదు. లేచి మోకాళ్ళు దులుపుకుని గోడ దగ్గరికెళ్ళి ఒక్కో కార్డూ పీకింది. ఒకసారి తొడిగిన ప్లాస్టిక్ ఊడి రాదు, చింపినా చిరగదు. ఆ గట్టితనాన్ని తొమ్మిదేళ్ళుగా పొగుడుతూ వచ్చిన పెద్దమనిషి పక్కన నిలబడి చెత్తబుట్ట పట్టుకున్నాడు. ఆ తరవాత ఇద్దరూ నేల మీద కూర్చుని సామాన్లు చుట్టే గోధుమరంగు కాగితం మీద లావాటి రంగుబలపాలతో బొమ్మలు గీశారు. నెవిల్ గీసిన ఆవు కుక్కలా ఉందంది బ్రైడీ. గింజ నుంచి రొట్టె దాకా అసలు ఆవు ఎక్కడుందని కూడా అడిగింది. కాగితాలన్నీ కింద, అతని కళ్ళకి ఎదురుగా అంటించారు.

మధ్యాహ్నం పిల్లలు వచ్చి కూర్చున్నారు. అద్భుతమేమీ జరగలేదు. ఇద్దరు కొట్టుకున్నారు, ఒకడు ముక్కులో బలపం పెట్టుకున్నాడు. కానీ మొహాలన్నీ ఒకే వైపు ఉన్నాయి. బ్రైడీ అది చూసి మాట మధ్యలో ఒక్క క్షణం తడబడింది.

"ఉంచు," అన్నాడు నెవిల్ సాయంత్రం షెరిల్‌తో.

"పొద్దున నీ మొహం వేరే మాట చెప్పిందిగా. ఒక్క పూట బాగుంటే ఏడాది ఇచ్చెయ్యాలా? ఆ కార్డులు నేనూ చూశాను నెవ్, శుభ్రంగా కనబడతాయి."

"నిలబడి చూశావు."

"నా మోకాళ్ళకి నిలబడ్డమే ఎక్కువ."

"శుక్రవారం వచ్చి తివాచీ మీద కూర్చో. అప్పటికీ కాదంటే ఇక నేను నోరెత్తను."

శుక్రవారం నెవిల్ వేరే బడికెళ్ళాలి. కాళ్ళు పెడళ్ళకి అందట్లేదని అక్కడికి ఫోన్ చేశాడు. అబద్ధం కాదు, గ్లెనిసే కారులో బ్రైడీ బడికి తెచ్చి దింపింది. షెరిల్ కాంట్రాక్టు కాగితం చంకలో పెట్టుకుని వచ్చి, ఒక చేత్తో బల్లనీ, ఒక చేత్తో టిల్లీ నెత్తినీ పట్టుకుని, "అమ్మో, అబ్బో," అనుకుంటూ నేలకి దిగింది. చూపించడానికని గోడ మీద ఒక పాత కార్డు మళ్ళీ పెట్టారు. ఆమె తలెత్తి చూసి, గబుక్కున చెయ్యి అడ్డం పెట్టుకుని, ఒక బూతు మాట మింగేసింది.

"నాకు వినబడింది," అంది టిల్లీ.

బ్రైడీ ఆ కార్డు తీసేసి కాగితం బొమ్మ చూపించింది. "చేను కోతకొచ్చింది. ఈ రైతు ఆకాశం వైపు ఎందుకు చూస్తున్నాడు?"

అడిగి ఆగింది. హీటరు గుర్రుమంటోంది తప్ప చప్పుడు లేదు. ఒకడు, "వానొస్తుందేమోనని ఆశ, మిస్," అన్నాడు. ఆమె అవుననలేదు, కాదనలేదు. అందరి మొహాలూ చూస్తూ నిలబడింది. నెవిల్‌కి జవాబు నాలిక చివరే ఉంది. ఆగలేక చెయ్యెత్తాడు.

"నువ్వు కాదు, నెవ్," అంది బ్రైడీ. "చెయ్యి దించు."

దించాడు. బ్రైడీ ఇంకా ఆగింది. అప్పుడు టిల్లీ మెల్లిగా, "ఆశ కాదు మిస్, భయం. కోతల్లో వానొస్తే గింజ కుళ్ళిపోతుంది. మా నాన్న అచ్చం షెరిల్ మిస్ లాగే తిడతాడు," అంది.

తివాచీ తివాచీ అంతా నవ్వింది. బ్రైడీ కూడా నవ్వి, నవ్వు ఆగకుండానే తరవాతి బొమ్మకి వెళ్ళిపోయింది. షెరిల్ చంకలోని కాగితం తీసి ఒళ్ళో పెట్టుకుంది.

గంట కొట్టింది. పిల్లలు భోజనాల డబ్బాలు తెచ్చుకోడానికి లేచారు. షెరిల్ లేవబోయింది, మోకాళ్ళు ఒప్పుకోలేదు. నెవిల్ చెయ్యందించాడు కానీ ఆ చెయ్యి ఆమె మోచేతి దాకా కూడా రాలేదు.

"వదిలెయ్," అందామె ఆయాసపడుతూ. "ఇక్కడ బానే ఉంది. పెన్నుందా? టిల్లీ, ఇటు రా. వెనక్కి తిరిగి వంగు."

కాగితాన్ని ఆ పిల్ల వీపు మీద పరిచింది. బ్రైడీ గోడకి ఆనుకుని, రంగుబలపం చేతిలో అలాగే పట్టుకుని చూస్తోంది.

"చక్కిలిగిలి పెడుతోంది!" అంది టిల్లీ.

"కదలకు. మీ మిస్ ఇక్కడుండడానికి ఏడాదని రాస్తున్నా. నువ్వు కదిలితే ఆరు నెలలని పడుతుంది."

టిల్లీ ఊపిరి బిగబట్టింది.