తమలపాకు వెండి

తమలపాకులు ఉడికించిన నీళ్లలో వెండి లవణం కలిపితే, వెండి కంటికి కనపడనంత సన్నటి కణాలుగా మారి నీళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి. పుండ్లకు చీము పట్టించే క్రిములను ఆ నీళ్లు చంపుతాయని నిరూపించడానికి విదూరి ఏళ్ల తరబడి చచ్చీచెడీ పనిచేసింది. రేపే ఆమె పీహెచ్‌డీ ఆఖరి పరీక్ష. ల్యాబులో కరెంటు పోయిందని సీసా తెచ్చి, తానుండే అద్దె ఇంటి ఫ్రిజ్‌లో పెట్టింది చూడండి, అదీ బుద్ధితక్కువ పని! పైగా అది పాత షర్బత్ సీసా. ఇండోనేషియాలోని ఆ సెమరాంగ్ ఊళ్లో ఏ ఇంట్లోనైనా అలాంటి సీసాలో ఉండేది ఆకు కషాయమే.

మధ్యాహ్నం ఆమె వంటింట్లోకి వచ్చేసరికి ఇంటావిడ సుమార్ని మూతి తుడుచుకుంటోంది.

"నీ కషాయమేంటే, ఇనుము నాకినట్టుంది! కాస్త బెల్లం వేసుకుంటే నీ సొమ్మేం పోయింది?"

విదూరి సీసా లాక్కుంది. "తాగేశారా అమ్మా? ఎంత?"

"గ్లాసుడు. ఏం, తాగకూడదా? ఫ్రిజ్ నాదేగా!"

సీసా అడుగున మిగిలిన నీళ్లలో విదూరి చిటికెడు ఉప్పు వేసింది. కణాలుగా మారని లవణం ఇంకా ఉంటే ఉప్పు తగలగానే ఆ నీళ్లు తెల్లబడతాయి. ఆ లవణం కడుపును కాల్చేస్తుంది. యా అల్లా, తెల్లబడకూడదు అనుకుంది. క్షణంలో నీళ్లు పాలు విరిగినట్టు తెల్లగా అయ్యాయి.

ఆవిడను రెక్కపట్టుకుని వీధి చివరి ఆస్పత్రికి లాక్కెళ్లింది. డాక్టరు సీసా చూసి, విదూరి దగ్గర నంబరు తీసుకుని, తాగితే ప్రమాదమా అని ఆమె ప్రొఫెసర్ హెండార్తోకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"ఏం భయం లేదండీ," అన్నాడు హెండార్తో. "మిగులు లవణం పోయేలా విదూరి ఆ కణాలను యంత్రంలో తిప్పి మూడుసార్లు కడిగింది. థీసిస్‌లో రాసింది, నేనే సంతకం పెట్టాను. పంపించేయండి."

సుమార్ని లేచింది. "విన్నావా? ఊరికే హడలగొట్టి చంపావు. పద, పొయ్యి మీద కూర మాడిపోతుంది."

కానీ విదూరి, యంత్రం దగ్గర ఎప్పుడూ జనమే అని విసుగెత్తి, అసలు కడగకుండానే కడిగినట్టు రాసేసింది. ఊరుకుంటే పట్టా చేతికొస్తుంది. గుమ్మం దగ్గర సుమార్ని పొట్ట పట్టుకుంది.

"కాస్త మంటగా ఉందే," అని నవ్వబోయింది.

"కడగలేదు!" విదూరి అరిచింది. "సార్, ఒక్కసారి కూడా కడగలేదు. అబద్ధం రాశాను. డాక్టరుగారూ, ఆవిడను పంపకండి, మీ కాళ్లు పట్టుకుంటాను!"



"రేపు రాకు," అని హెండార్తో ఫోన్ పెట్టేశాడు.

డాక్టరు నర్సులను కేకేశాడు. "ఇప్పటికైనా చెప్పావు. ఇంటికెళ్లి ఉంటే చేయి దాటిపోయేది," అంటూ సూది అందుకున్నాడు. ఆవిడను మంచం మీద పడుకోబెట్టారు. మెలికలు తిరుగుతూనే సుమార్ని విదూరి వైపు చూసింది.

"రేపు ఎక్కడికి రావద్దన్నాడే ఆయన?"

"ఎక్కడికీ కాదులెండమ్మా, మీరు మాట్లాడకండి," అంటూ విదూరి ఆవిడ చెయ్యి పట్టుకుని భోరున ఏడ్చేసింది.