ఎర్రగడ్డకు రెండు

కొడుకు అంగీలను దండెం మీద ఆరేసేటప్పుడు కౌసల్యమ్మ తిరగేసి ఆరేసేది. అన్నీ నల్లవే. ఒక్కోదాని మీద ఒక్కో పుర్రె. ఒక పుర్రె నోట్లోంచి మంటలు, ఇంకో పుర్రె కళ్లలోంచి పాములు. వీధిలో పోయేవాళ్లు చూస్తే ఏమనుకుంటారోనని ఒక భయం, అవి వేసుకుని తిరిగే పిల్లవాడికి ఏమవుతుందోనని ఇంకో భయం. ఆమెకు భయాలు ఎప్పుడూ జంటగానే వచ్చేవి.

గద్వాలలో వాళ్లది చీరలు నేసే ఇల్లు. భర్త బాలకిష్టయ్య గుంట మగ్గంలో కూర్చుంటే, అంచు పక్కన కౌసల్యమ్మ కూర్చుని అడ్డపోగు నడిపే నాడె అందించాలి. ఆ చీర ఒక్కరి చేతి మీద నడిచేది కాదు. కొడుకు ఉమేష్ మాత్రం మగ్గం జోలికి రాలేదు. ఎర్రవల్లి చౌరస్తా దాటాక ఉన్న నూలు మిల్లులో చేరాడు. ఒక వారం పొద్దటి షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం షిఫ్టు, ఒక వారం రాత్రి షిఫ్టు. రెండేళ్లుగా హెల్పరు. వచ్చే నెల నుంచి సొంతంగా ఒక మిషన్ అప్పగించి పర్మినెంటు చేస్తామన్నారు. ఇంటిల్లిపాదీ ఆ మిషన్ మీదే ఆశ పెట్టుకుని ఉన్నారు.

ఇంటికొస్తే మాత్రం వాడి లోకం వాడిది. చెవుల్లో వైర్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని, పొడుగు జుట్టు మొహం మీద పడేలా తల ఊపుతూ కూర్చునేవాడు. అన్నం తింటున్నా రెండు కాళ్లూ నేలను టకటకా కొడుతూనే ఉండేవి. రెండు మూడు నెలలకోసారి షిఫ్టు మార్చుకుని హైదరాబాద్ పోయి వచ్చేవాడు. ఎందుకని అడిగితే దోస్తు పెండ్లి అనేవాడు. వాడి దోస్తులందరూ ఆదివారాలే పెండ్లిండ్లు చేసుకోవడం కౌసల్యమ్మకు వింతగానే ఉండేది. వచ్చాక రెండు రోజులు వాడికి గొంతు పలికేది కాదు, మెడ తిరిగేది కాదు. ఆమె ఉప్పు వేయించి మూట కట్టి మెడకు కాపడం పెట్టేది. పెండ్లికి పోయినవాడి మెడ ఎందుకు పట్టేస్తుందో అడగాలనిపించేది. ఏం వినాల్సి వస్తుందోనని అడిగేది కాదు.

రెండు వేల ఏడులో, ఎండలు ముదరకముందు, ఒక బుధవారం పొద్దున ఆమె నూలు కండెలు చుడుతూ ఉంది. గోడ అవతల పెరట్లో ఉమేష్ సెల్‌ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

"ఈ ఆదివారమే అన్నా. ఎర్రగడ్డ కాడ దిగుడే, ఆడికెళ్లి నడుస్త. ఇంట్ల తెల్వదు. నాకు మెటల్ పిచ్చి అంటే మా అమ్మ పరేషాన్ అయితది."

మెటల్ అనే మాట ఆమె ఎన్నడూ ఎరగదు. మెంటల్ అనే మాట బాగా తెలుసు. చెవి తనకు తెలిసిన మాటనే విన్నది. ఆ పక్కనే ఎర్రగడ్డ కూడా ఉండేసరికి చేతిలోంచి కండె జారింది. ఎర్రగడ్డలో ఎన్ని వీధులున్నాయో, ఎన్ని బస్సులు ఆగుతాయో ఆమెకు తెలియదు. పిచ్చి దవాఖాన ఒక్కటే తెలుసు.

తెలియడానికి కారణం ఆమె తమ్ముడు సాయన్న. పాన్‌గల్‌లో, ఆమె పుట్టింట్లో, ఇరవై రెండో ఏట వాడికి తల చెడింది. మొదట్లో వాడూ ఇట్లాగే ఒక్కడే కూర్చుని తల ఊపేవాడు. తండ్రి ఎర్రగడ్డకు తీసుకుపోతే ఏడాది ఉంచుకున్నారు. బాగైందని ఇంటికి తెచ్చుకున్న ఆరు నెలలకు, బస్టాండు దిక్కు పోయినవాడు మళ్లీ రాలేదు. కౌసల్యమ్మ తన పిల్లలకు మామ బొంబాయి పనికి పోయాడని చెప్పింది. ఆ దిక్కున ఊళ్లకు ఊళ్లే బొంబాయి పోతాయి కాబట్టి ఎవరూ మళ్లీ అడగలేదు.

ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. తిరిగే మిషన్ ముందు నిలబడి కొడుకు తల ఊపుతున్నట్టు, ఆ జుట్టు పోయి మిషన్‌లో పడినట్టు కళ్ల ముందు కనబడింది. గురువారం పొద్దున, కొడుకుది మధ్యాహ్నం షిఫ్టు కాబట్టి వాడింకా ఇంట్లో ఉండగానే, మానవపాడులో చుట్టాలింటికి పోయివస్తానని చెప్పి మిల్లుకు పోయింది. షిఫ్టులు వేసే సూపర్‌వైజరు హన్మంతును పక్కకు పిలిచింది.

"మా పిల్లగానికి తల బాగలేదు సారూ. మా తమ్ముడు గిట్లనే మొదలై ఆగమైండు. మిషన్ల కాడ పెట్టకుండ్రి, ఏమన్న అయితది. నేను చెప్పిన్నని మాత్రం అనకుండ్రి."

హన్మంతు మంచివాడు. ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించాడు. తన షిఫ్టులో ఎవరి చెయ్యి నలిగినా తన మెడకే చుట్టుకుంటుందని, చెప్పి మేలు చేశావని అన్నాడు. కౌసల్యమ్మ గుండె మీది బరువు దిగినట్టై ఇంటికొచ్చి కొడుక్కి ఇష్టమని గోంగూర వండింది.

శుక్రవారం పొద్దున ఉమేష్ ఆ గోంగూర ముట్టలేదు. తనను మిషన్ల షెడ్డులోంచి తీసి గోదాములో పత్తి బేళ్లు మోసే పనికి వేశారని చెప్పాడు. తనకు రావలసిన మిషన్ ఆపేశారట. తల బాగానే ఉందని డాక్టరు కాగితం తెచ్చేదాకా అంతేనట. ఎవరో పోయి చెప్పారట. మిల్లులో ఒక్క పూటలోనే పేరు మారిపోయింది. క్యాంటీన్‌లో ప్లేటు అందిస్తూ కూడా "మెంటలూ, జర పప్పు జరుపు" అంటున్నారట.

"ఆశీర్వాదమే చెప్పి ఉంటడు," అన్నాడు. "నేను ఎప్పుడేడికి పోతనో వానికి తప్ప ఎవ్వనికి తెల్వదు."

ఆశీర్వాదం మిల్లులో వాడికి జోడు. క్రిస్మస్‌కు, ఈస్టరుకు ఆశీర్వాదం షిఫ్టు ఉమేష్ చేసేవాడు. ఉమేష్ హైదరాబాద్ పోయే రోజున ఉమేష్ షిఫ్టు ఆశీర్వాదం చేసేవాడు. ఈ ఆదివారం చర్చి మానుకుని రెండు షిఫ్టులూ తానే చేస్తానని మాట కూడా ఇచ్చాడు.

కౌసల్యమ్మ అప్పుడు మగ్గం పక్కన కూర్చుని ఉంది. చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచింది కూడా. కొడుకు మొహం చూసేసరికి వేరే మాట వచ్చింది.

"ఎవరైతేంది బిడ్డా. దేవుడు చూస్తడు తియ్."

అన్నాక తన మాట తనకే వెగటుగా వినిపించింది. ఆ పూట నేసిన అంచు నాలుగు వేళ్ల మేర తప్పు పోయింది. బాలకిష్టయ్య పోగు పోగూ విప్పాడు. ఒంట్లో బాగలేదా అని అడిగితే వేడి చేసిందని చెప్పింది.

ఆదివారం ఉమేష్ ఎక్కడికీ పోలేదు. ఆశీర్వాదం సాయం తనకు అక్కరలేదని, పాత తెల్లంగీ వేసుకుని బేళ్లు మోయడానికి పోయాడు. ఎర్రగడ్డకు పోలేదు కదా అని ఆమె లోలోపల సంతోషించింది. ఆ సంతోషం తర్వాత చాలా రోజులు ఆమెను పొడిచింది.

సోమవారం పొద్దున ఆశీర్వాదం ఇంటికి వచ్చాడు. ఉమేష్ క్షవరానికి పోయి ఉన్నాడు. వాడు మూడు రోజులుగా తనను చూసి మొహం తిప్పుకుంటున్నాడని, తాను చేసిన తప్పేందో తెల్వదని చెప్పుకుంటూ, జేబులోంచి మడత పెట్టిన చీటీ ఒకటి తీసి ఆమె చేతికిచ్చాడు. ఉమేష్ ఇంట్లో దాచలేక తన దగ్గర పెట్టిన ఆదివారం నాటి చీటీ అట. ఇక పనికిరాకపోయినా వాడు పాతవన్నీ దాచుకుంటాడని తెచ్చాడు. కౌసల్యమ్మకు ఇంగ్లీషు అక్షరాలు రావు. దవాఖాన చీటీ అనుకుని, డాక్టరు ఏం రాశాడని అడిగింది. మెంటల్ అని రాశాడా అని కూడా అడిగింది.

ఆశీర్వాదం చీటీ మీది ఒక మాట మీద వేలు పెట్టాడు.

"మెంటల్ గాదమ్మా, మెటల్. ఇనుము."

"ఇనుముతోటి వానికేం పని?"

"పాటల పేరమ్మా. ఇంగ్లీషు రాక్ పాటలల్ల గట్టిగ మోగేటియి. ఎర్రగడ్డ దిగినంక ఒక మైదానం ఉంటది, ఆడ పాడతరు, ఇది దాని టికెట్టే. జనం మెడలు పట్టేదాక తలలు ఊపుతరు. ఆ పుర్రెల అంగీలు గూడ ఆ పాటగాళ్లయే. నేనైతే ఒక్కసారి విని చెవులు మూసుకున్న."

మగ్గం గుంటలోంచి బాలకిష్టయ్య తల ఎత్తాడు. "మరి కాళ్లెందుకు కొడతడు?"

"ఆ పాటలకు డ్రమ్ము రెండు కాళ్లతోటి కొడతరు నాయినా. నీ లెక్కనే, ఆగకుంట."

బాలకిష్టయ్య గుంటలో మగ్గం తొక్కే చెక్కల మీదున్న తన పాదాలను చూసుకున్నాడు. కౌసల్యమ్మ ఎటు చూడాలో తెలియక చేతిలోని చీటీని చూసింది.

అంతలో ఉమేష్ వచ్చాడు. జుట్టు మొత్తం తీయించుకున్నాడు. డాక్టరు దగ్గరికి ఆ జుట్టుతో పోతే కాగితం ఇవ్వడని ఎవరో అన్నారట. నెత్తి మీద చిన్నప్పుడు పడిన మచ్చ బయటపడి, వాడు పదేళ్ల పిల్లవాడిలా ఉన్నాడు. గడపలోనే ఆశీర్వాదాన్ని చూసి వెనక్కి తిరగబోయాడు.

"ఆశీర్వాదం గాదు బిడ్డా," అన్నది కౌసల్యమ్మ. "నేను. గురువారం నేనే పోయి చెప్పిన."

తాను గోడ ఇవతల ఏం విన్నదీ చెప్పింది. సాయన్న బొంబాయి పోలేదని చెప్పింది. ఇరవై ఏళ్ల మాట అయిదు నిమిషాల్లో అయిపోయింది. ఉమేష్ అంతా విని ఒక్కటే అడిగాడు.

"శుక్రవారం నాడు ఎందుకు చెప్పలే?"

ఆమె చేతిలోని చీటీని వాడి వైపు చాచింది. వాడు దాన్ని అందుకోలేదు. వాడు ఆశీర్వాదం భుజం మీద చెయ్యి వేసి బయటికి తీసుకుపోయాడు.

మర్నాడు ఆమె ఒక్కతే మళ్లీ మిల్లుకు పోయింది. ఈసారి ఎవరినీ పక్కకు పిలవలేదు. రెండు గంటలకు షిఫ్టు మారే వేళ, దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ గేటు దగ్గర కలిసి ఉండగా, అందరూ వినేలా హన్మంతుతో చెప్పింది. పిల్లవాడి తల బాగానే ఉందని, తప్పు విన్నది తన చెవి అని, వాడికి ఉన్నది ఇనుము పాటల పిచ్చి అని. నవ్వులు మొదలయ్యాయి. వెనక ఎవరో "మెటలూ, మెంటలూ" అని రాగం తీశారు. నెత్తి మీది కొంగు ఇంకా ముందుకు లాక్కోవాలనిపించింది. లాక్కోకుండా, నవ్వు అయిపోయేదాకా అక్కడే నిలబడింది. నవ్వేవాళ్లలో ఉమేష్ లేడు. గోదాము తలుపు దగ్గర భుజం మీద గోనెతో నిలబడి ఉన్నాడు.

హన్మంతు కూడా నవ్వాడు గానీ, సంగతి మేనేజరు దాకా పోయిందని చెప్పాడు. కాగితం మీద పడిన మాటను కాగితమే కొట్టేయాలి, తన నోరు సరిపోదు. ఎర్రగడ్డ నుంచి రాయించుకొస్తే మేనేజరు మారు మాట్లాడడు. మిషన్ వచ్చే నెల పదిహేనో తారీఖు దాకా ఎవరికీ ఇవ్వకుండా ఆపుతానన్నాడు. మొదట చెప్పిన మనిషి కూడా వెంట పోవాలన్నాడు.

అట్లా గురువారం తల్లీ కొడుకులు హైదరాబాద్‌లో సిటీ బస్సు ఎక్కారు. ఆమె ముందు ఆడవాళ్ల సీట్లలో, వాడు వెనక. గద్వాల నుంచి ఇక్కడిదాకా వాడు పలికింది రెండు మాటలే, దిగు అని, ఎక్కు అని.

కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగాడు.

"ఎర్రగడ్డకు రెండు."

"దవాఖానకా?" అన్నాడు కండక్టరు, చుట్టూ ఒకసారి చూసి నవ్వుతూ. "పేషెంట్ ఎవరమ్మా?"

పక్క సీట్ల వాళ్లు ఆమె వైపు తిరిగారు. కొత్తగా గీయించుకున్న తల ఒకటి వెనక కిటికీ దగ్గర ఉందని ఆమెకు తెలుసు. దాన్ని ఎవరూ చూడకముందే అన్నది.

"నేనే. ఎనక నా కొడుకున్నడు. నన్ను సూపిచ్చనీకి తోలుకపోతుండు."

కండక్టరు నవ్వు ఆపి టికెట్లు చింపాడు. కొడుకు విన్నాడో లేదో చూడ్డానికి ఆమె వెనక్కి తిరగలేదు.

డాక్టరమ్మ ఉమేష్‌తో పావుగంట మాట్లాడింది, ఆ పాటల గురించి కూడా అడిగింది, కాగితం మీద సంతకం చేసి ముద్ర వేసింది. కౌసల్యమ్మను మాత్రం రోజూ నిద్ర పడుతుందా అని అడిగింది.

బయటికి వచ్చాక ఉమేష్ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. గేటు దాకా ముందు నడిచినవాడు అక్కడ ఆగి, వెనక్కి తిరిగి ఆ పొడుగాటి కట్టడాల వైపు చూశాడు.

"మామను ఏడ ఉంచిండ్రు?"

"తెల్వదు బిడ్డా," అన్నది కౌసల్యమ్మ. "ఏడాది ఉన్నడు. ఎవరన్న చూస్తరని నేను ఒక్కసారి గూడ రాలే."

ఈసారి అడిగిన వెంటనే చెప్పింది.