పళ్లెంలో లేని కత్తి

వర్షితకు ఏడో నెల. కింద రెండు పళ్లు వచ్చాయి. ఎదురుగా ఏది మెరిస్తే దాని మీదికి పాకుతుంది, చేతికి ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటుంది. ఈ పిల్లను తెరచాప పడవలో అట్లాంటిక్ దాటించాలని తండ్రి నిశాంత్ నిర్ణయించాడు. ఆగస్టు చివర్లో బెల్‌ఫాస్ట్ దగ్గరి బ్యాంగర్ రేవులో బయల్దేరడం, కెనరీ దీవుల్లో కొన్నాళ్లు ఆగడం, అక్కణ్నుంచి మూడు వారాలు నేలన్నది కనపడకుండా కరీబియన్ దాకా పోవడం.

తల్లి వసుధ వద్దంది. గొడవంతా ఇంతే.

వద్దన్న మనిషి నీళ్లంటే భయపడేదేం కాదు. చీరాల పిల్ల. బెల్‌ఫాస్ట్‌లో పిల్లల వార్డులో డాక్టరు. పెళ్లైన కొత్తలో డ్యూటీ రోటాలో సెలవు దొరికిన ప్రతి వీకెండూ నిశాంత్‌తో కలిసి పడవ నడపడం నేర్చుకుంది. చుక్కాని పట్టడంలో అతనికంటే ఆమే నయమని నేర్పినాయన అనేవాడు. తరవాత ఇద్దరూ కొన్న సెకండ్‌హ్యాండ్ పడవకు ‘గాలిపటం’ అని పేరు పెట్టింది ఆమే. అట్లాంటిక్ ఆలోచన ఇద్దరిదీ. కానీ అప్పటికి పిల్ల లేదు. పిల్ల వచ్చాక లెక్క మారిందని ఒకరికి అర్థమైంది, ఇంకొకరికి కాలేదు.

జూలైలో ట్రయల్ అని స్కాట్లండ్ ఒడ్డున ఉన్న పోర్ట్‌పాట్రిక్ దాకా వెళ్లారు. పొద్దున్నే బయల్దేరితే అది ఒక్క పూట పని. గాలి కాస్త తిరిగింది. కింది గదిలో వసుధ ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఒక చేత్తో పిల్లను పట్టుకుని కూర్చుంది. పట్టిన పాలు పట్టినట్టే కక్కింది పిల్ల. మధ్యాహ్నం దాటినా న్యాపీ తడవలేదు. తడవని న్యాపీ అంటే ఒంట్లో నీరు తగ్గిపోతోందని పిల్లల డాక్టరుకు ఎవరూ చెప్పక్కర్లేదు. పైన నిశాంత్ వీడియో తీస్తున్నాడు. మా ఇంటి అతి చిన్న నావికురాలు అని రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. వందమంది చప్పట్లు కొట్టారు. వాంతి ఆ వీడియోలో లేదు.

రేవు చేరాక వసుధ చెప్పింది. ఇక్కడైతే గంటలో ఒడ్డు, ఒడ్డున అంబులెన్స్. అట్లాంటిక్ నడిమధ్య ఏ హెలికాప్టరూ అందదు, నేను డాక్టరునే కానీ ఊగే పడవలో ఆ సన్నటి నరానికి సూది ఎక్కించలేను అంది. పళ్లు వస్తున్నాయి కదా, అందుకే వాంతులు అన్నాడతను. తెల్లవాళ్లు పసిపిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతున్న వీడియోలు వరసగా చూపించాడు. మనోళ్లకు పరీక్షలు, ఇళ్ల లోన్లు తప్ప బతుకు తెలియదన్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే ఆ బతుకు తెలుసుకోవాల్సింది అతను. దానికి ఏడు నెలల పిల్లను పణం పెట్టడం ఏం ధైర్యం? ఎదుటివాళ్ల ప్రాణంతో చేసే సాహసానికి ధైర్యమని పేరు పెట్టుకోవడం మగవాళ్లకు పాత అలవాటు.

అన్నప్రాశనకు నిశాంత్ అమ్మానాన్నలు నిర్మలాదేవి, బాపురావు హైదరాబాద్ నుంచి వచ్చారు. ముందుగది నిండా జనం. వచ్చిన ప్రతివాడూ నిశాంత్‌ను దారి గురించి, గాలుల గురించి, తుఫానుల గురించి అడిగాడు. వసుధను అడిగింది ఒకటే: అన్ని రోజులకు పప్పులూ పచ్చళ్లూ ఎలా సర్దుతున్నావమ్మా అని. హార్ట్ కన్సల్టెంట్ విజయకుమార్ అంకుల్ అయితే, తల్లి పక్కనుంటే బిడ్డకు ఏ లోటూ రాదని భుజం తట్టి పోయాడు. రోజంతా మనుషుల ప్రాణాలతో పనిచేసే పెద్దమనిషి. తల్లి పక్కనుండటం వైద్యమైతే ఈయన ఆసుపత్రి ఎందుకో.

పాయసం నాకించారు. తరవాత పళ్లెం తెచ్చి పిల్ల ముందు పెట్టారు. పుస్తకం, పెన్ను, బంగారు గొలుసు, పూలు, ఒక నోటు. పిల్ల ఏది పట్టుకుంటే దాని భవిష్యత్తు అది అని పెద్దవాళ్లు సరదాగా చెప్పుకునే ముచ్చట. చివరి నిమిషంలో నిశాంత్ జేబులోంచి ఒకటి తీసి పళ్లెంలో పెట్టాడు. పడవ తాళ్లకు వాడే ఇత్తడి కొక్కెం. బ్రాసో పాలిష్‌తో తోమి అద్దంలా చేసి తెచ్చాడు.

పిల్ల సంగతి ముందే చెప్పాను. మెరిసేదాని మీదికి పాకుతుంది. పుస్తకం మీంచి పాకి వెళ్లి కొక్కెం పట్టుకుని నోట్లో పెట్టుకుంది.

గది గదంతా చప్పట్లు. నిశాంత్ పిల్లను పైకెత్తాడు.

“చూసిన్రా అంకుల్? ఇగ అడిగేదేం లేదు. నా బిడ్డనే ఫైసలా చేసింది. వస్తా అంటున్నది.”

అందరూ నవ్వారు. వసుధ నవ్వలేదు. తనతో మాట్లాడి ఒప్పించలేనిది, తోమిన ఇత్తడితో పిల్ల చేత ఒప్పించుకుని, నలుగురి ముందు ముద్ర వేయించుకున్నాడు. ఇప్పుడు కాదంటే వేడుక చెడగొట్టిన మనిషి ఆమె అవుతుంది. సరే, అయింది.

పిల్లను అతని చేతుల్లోంచి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. నోట్లోంచి కొక్కెం లాగేసింది. పళ్లెంలో చాకు కూడా పెడతారు కదా, ఏదీ అని అత్తగారిని అడిగింది. నిర్మలాదేవి కొడుకు వైపు చూసింది. తను పొద్దున పెట్టిందనీ, వాడే తీసేశాడనీ చెప్పింది.

“ఎందుకు తీశావు?” అంది వసుధ. అత్తమామల ముందు భర్తను మీరు అనే మనిషి ఆ రోజు అనలేదు.

“చెయ్యి కోసుకుంటదని. గంత తెల్వదా?”

వసుధ లేచి వంటింట్లోకి వెళ్లి, కొబ్బరి కోసిన కత్తి కడిగి తెచ్చి పళ్లెంలో పెట్టింది. కిటికీలోంచి వచ్చే ఎండకు అది కొక్కెంకంటే బాగా మెరిసింది. పిల్లను నడుం దగ్గర గట్టిగా పట్టుకుని కూర్చుంది. పిల్ల ముందుకు వంగి రెండు చేతులూ చాపింది. ఆ చేతులు కత్తికి జానెడు దూరంలో ఉండగానే నిశాంత్ అరచెయ్యి దాని మీద పడింది.

“పిచ్చి లేచిందా నీకు?”

“ఎందుకు ఆపావు? పిల్ల నిర్ణయించుకుంది కదా.”

బాపురావు పూలు సర్దుతున్నట్టు తలొంచుకున్నాడు. కాసేపటికి నోళ్లు లేచాయి. శుభకార్యంలో కత్తేమిటని ఒకరు, చదువుకున్నదానివి ఇలాగేనా అని ఒకరు, బాలింత మనసు అలాగే ఉంటుంది, జీపీ డాక్టరుకు చూపించండి అని ఇంకొకరు. పసిపిల్లను మూడు వారాలు సముద్రం మధ్యకు తీసుకుపోతానంటే చప్పట్లు కొట్టినవాళ్లే ఇంతమందీ. తల్లి గట్టిగా పట్టుకుని ఉన్న పిల్ల ముందు కత్తి పెడితే గుండెలు బాదుకున్నారు.

జనం వెళ్లాక నిశాంత్ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. నలుగురిలో తన పరువు తీసిందన్నాడు. ఆమె గిన్నెలు కడుగుతూనే ఉంది. చివరికి అసలు మాట బయటపెట్టాడు.

“మంచిది. నేను గూడ పోను. పడవ అమ్మేస్త. నా బిడ్డ కోసం నా కల చంపుకున్న అని జిందగీ అంతా అనుకుంట. సరేనా?”

వసుధ కుళాయి కట్టేసింది.

“సరే కాదు. తీసుకెళ్లడానికీ దాని పేరే, మానుకోవడానికీ దాని పేరేనా? అది నిన్నేం అడిగింది? వెళ్లాలనుంటే వెళ్లు. లేదంటే దమ్ము లేక మానుకున్నానని చెప్పుకో. నా పిల్ల నెత్తిన మాత్రం పెట్టకు.”

మూడోరోజు ఇంగ్లండ్‌లో స్విండన్‌లో ఉన్న స్నేహితుడు మనీష్‌కు ఫోన్ చేశాడు.

ఆగస్టు చివర్లో గాలిపటం బయల్దేరింది. మనీష్ తెరచాప దగ్గర, నిశాంత్ చుక్కాని దగ్గర. కోపం ఇంకా దిగలేదు, ఆమె మొహం చూడలేదు. పిల్లను మాత్రం ముద్దు పెట్టుకున్నాడు. ఒడ్డున తాడు విప్పి అతని వైపు విసిరింది వసుధే. ఎడమ పక్క గాలి లాగుతోంది, చూసుకో అంది. అతను చూసుకున్నాడు.

పడవ రేవుగోడ దాటి తెరచాప ఎత్తేవరకు ఆమె కదల్లేదు. ముడి విప్పిన చేతులు ఇంకా దేన్నో పట్టుకోవాలన్నట్టు బిగుసుకునే ఉన్నాయి. పక్కన నిర్మలాదేవి పిల్లను శాలువాలో చుట్టుకుని కోడలి మొహం చూస్తూ నిలబడింది.

“నీకు పోవాలని లేకుండెనా బిడ్డా?”

ఇన్ని నెలల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి.

“ఉంది అత్తయ్యా. ఇప్పటికీ ఉంది. అందుకే ఒళ్లు మండిపోతోంది.”

వర్షిత శాలువాలోంచి చెయ్యి బయటపెట్టి, నీళ్ల మీద మెరుస్తున్న ఎండ కోసం వేళ్లు చాపింది. వసుధ ఆ చేతిని పట్టుకుని తన గుప్పిట్లో పెట్టుకుంది.

“దీనికి వద్దు అనడం రానివ్వండి. అప్పుడు దీన్నే అడుగుతాను.”